ఓచరు లేని అడవులు

భూగోళం జమాఖర్చులు చూసే అధికారి ఎవరో, వారి ఆఫీసు ఏ అంతస్తులో ఉందో ఎవరూ చెప్పడం లేదు కాబట్టి ఈ ఫిర్యాదు బహిరంగంగా రాస్తున్నాను. దొరికినవారు సంబంధిత సెక్షన్‌కు పంపగలరు.

నేను రిటైరైన అకౌంట్స్ ఆఫీసర్ని. సర్వీసులో ఉన్నన్నాళ్లూ నా బల్ల మీదికి వచ్చిన ప్రతి రూపాయినీ ‘ఎక్కణ్ణుంచి వచ్చావు, ఎక్కడికి పోతున్నావు, వెంట కాగితం ఉందా’ అని అడిగి, కాగితం ఉంటేనే కదలనిచ్చినవాణ్ణి. అలాంటి నా ఇంట్లో, నేను కట్టే కరెంటు మీద, నేను కట్టే ఇంటర్నెట్టు మీద అడవులు మొలుస్తున్నాయట. పగడాల దిబ్బలు కోలుకుంటున్నాయట. చిరుతపులులు ఊపిరి పీల్చుకుంటున్నాయట. ఒక్కదానికీ ఓచరు లేదు.

ముందు ముద్దాయిల వివరాలు. మొదటివాడు మా మనవడు, ఇంటర్ రెండో సంవత్సరం. రెండోది మా మనవరాలు, ఏడో తరగతి. మూడోవాడు వాళ్ల నాన్న, అనగా నా కొడుకు. ఫోను పక్కన పెట్టమని పిల్లల మీద అరుస్తూనే, ‘ఏదీ, ఒక్క నిమిషం, ఈ లెవెల్ నేను చూస్తా’ అని లాక్కునే రకం. కోడలు ఇంటినుంచే ఆఫీసు పని చేస్తుంది కనక ఆమె స్క్రీను దేనికోసం వెలుగుతోందో తేల్చలేకపోయాను. ప్రస్తుతానికి అనుమానితుల జాబితాలో ఉంచాను. మా ఆవిణ్ణి నా తరఫు సాక్షిగా పెట్టుకున్నాను. ఆవిడ ఎదురు తిరిగిన వైనం తర్వాత మనవి చేస్తాను.

నేరం ఆడటం కాదు. ఆడితే ఆడారు, మేమూ ఆడాం. కానీ అప్పట్లో ఆడేవాడికి తాను ఆడుతున్నానన్న ఎరుక ఉండేది. వెనకనుంచి నాన్న వస్తున్నాడేమోనన్న భయం, దొరికిపోతే తలొంచుకునే మర్యాద ఉండేవి. రాత్రంతా పేకాటలో కూర్చున్నవాడు తెల్లారి ఇంటికి పెరటి దారిన వచ్చేవాడు. ఇప్పుడు అర్ధరాత్రి దాటిందాకా ఆడినవాడు పొద్దున్నే, ఎవరో శాలువా పట్టుకుని నిలబడ్డట్టు, రొమ్ము విరుచుకుని హాల్లోకి వస్తున్నాడు. ‘ఇంకా పడుకోలేదేంరా’ అంటే, ‘ఎడారిలో ఇప్పుడిప్పుడే గడ్డి పడుతోంది తాతయ్యా, మధ్యలో వదిలేస్తే ఎలా’ అంటాడు. ‘పోనీ ఆ ఏసీ అయినా కట్టు’ అంటే, ‘కార్బన్ సంగతి లోపల నేను చూసుకుంటున్నాగా’ అంటాడు. పిల్లాణ్ణి తిట్టగలను. పర్యావరణాన్ని తిట్టడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు.

ఏ ఖాతానైనా తప్పుపట్టే ముందు తెరిచి చూడాలన్నది మా డిపార్టుమెంటు పద్ధతి. తెరిచాను. కంప్యూటర్ ఆటలు ప్రకృతి రక్షణకి ఎలా పనికొస్తాయన్న విషయం మీద కేంబ్రిడ్జిలో పనిచేసే క్రిస్ శాండ్‌బ్రూక్ అనే ఆయన మరో ఇద్దరితో కలిసి 2015లో ఒక పరిశోధనా వ్యాసం రాశారు. అందులో మూడు పద్దులు వేశారు. జనానికి నాలుగు ముక్కలు నేర్పి దారిలో పెట్టడం ఒకటి, డబ్బు పోగుచెయ్యడం ఒకటి, పరిశోధకులకి కావలసిన పని చేయించుకోవడం ఒకటి. విషయాన్ని పద్దులుగా విడగొట్టే మనిషంటే నాకు గౌరవం. కాకపోతే ఆయన డబ్బుని మధ్యలో పెట్టారు. నేను ముందుకు జరిపాను.

2019 సెప్టెంబరులో న్యూయార్కులో ఐక్యరాజ్య సమితి వాతావరణ సదస్సు జరిగింది. అక్కడ ఆటలు తయారుచేసే కంపెనీలు 21 కలిసి ‘ప్లేయింగ్ ఫర్ ద ప్లానెట్’ అని ఒక కూటమి కట్టాయి. తమ ఆటలు ఆడేవాళ్లు 97 కోట్ల మంది అని చెప్పాయి. 2030 నాటికి 3 కోట్ల టన్నుల ఉద్గారాలు తగ్గిస్తామన్నాయి, మొక్కలు నాటిస్తామన్నాయి, ఆటల్లోకే పచ్చదనం చొప్పిస్తామన్నాయి. ఆ 97 కోట్లలో మా ఇంటి వాటా ఎంతో నేను చెప్పగలను, నన్నెవరూ అడగలేదు.

అంతకు ముందటేడు, 2018లో, ‘మైన్‌క్రాఫ్ట్’ అనే ఆటలో ఒక యజ్ఞం జరిగింది. ఆ ఆటలో లోకమంతా దిమ్మలతో కట్టి ఉంటుంది. ఆటగాళ్లందరూ కలిసి నీళ్లడుగున కోటి పగడపు దిమ్మలు పేరిస్తే, నిజం సముద్రంలోని పగడాల కోసం ‘ద నేచర్ కన్సర్వెన్సీ’ అనే సంస్థకి లక్ష డాలర్లు ఇస్తామని కంపెనీవారు ప్రకటించారు. పేర్చారు. నేను కాగితం తీసి భాగించాను. దిమ్మకి ఒక సెంటు. ‘ఆ లక్షకి చెక్కు రాసి పోస్టులో పడేస్తే అయిపోయేదానికి, కోటి నొక్కులెందుకురా’ అని మనవణ్ణడిగాను. ‘అప్పుడు పగడాలు చస్తున్నాయని మాకెలా తెలుస్తుంది తాతయ్యా’ అన్నాడు. ఆ జవాబు నన్ను రెండు రోజులు ఇబ్బంది పెట్టింది. అయినా జవాబుకి ఓచరు విలువ లేదు కనక ఫైల్లో ఎక్కించలేదు.

మనవరాలి ఇష్టదైవం ‘ఆల్బా’. లండన్ కంపెనీ చేసిన ఆట, 2020 డిసెంబరులో వచ్చింది. మధ్యధరా సముద్రంలో ఒక దీవి. సెలవులకి అవ్వాతాతల ఇంటికొచ్చిన ఆల్బా అనే పిల్ల ఫోనుతో పక్షుల్నీ జంతువుల్నీ ఫొటోలు తీస్తుంది, విరిగిన వంతెన బాగుచేస్తుంది, పక్షుల రక్షిత ప్రాంతంలో హోటలు కట్టనివ్వకూడదని ఊళ్లోవాళ్ల చేత సంతకాలు పెట్టిస్తుంది. అమ్ముడైన కాపీకి ఒక చెట్టు చొప్పున నాటిస్తామని ఆట చేసినవాళ్లు మాటిచ్చారు. ఇదంతా బాగానే ఉంది. కానీ సెలవులకి తాతయ్య ఇంటికి వచ్చిన పిల్ల ఎవరూ చెప్పకుండానే దారిలో చెత్తంతా ఏరుతుందని చూపించారు చూడండి, అక్కడ కల్పన మరీ శ్రుతి మించింది.

డబ్బు పద్దులో నన్ను నిజంగా కంగారుపెట్టింది చైనా ఖాతా. అక్కడ చెల్లింపులకి వాడే అలీపే యాప్‌లో 2016లో ‘యాంట్ ఫారెస్ట్’ అని ఒక ఆట మొదలెట్టారు. నడిచినా, మెట్రో ఎక్కినా, బిల్లు ఆన్‌లైన్‌లో కట్టినా ఇన్ని గ్రాముల ‘హరిత శక్తి’ అని మీ పేరున జమ చేస్తారు. ఆ గ్రాములతో ఫోనులో ఒక చెట్టు పెరుగుతుంది. శాక్సాల్ అనే ఎడారి చెట్టు కావాలంటే అప్పట్లో 17,900 గ్రాములు పోగెయ్యాల్సి వచ్చేది. పోగేస్తే ఇన్నర్ మంగోలియా ఎడారుల్లో మీ పేరు చెప్పి నిజం మొక్క నాటుతారు. 2019 నాటికి 50 కోట్ల మంది చేరారు, 12 కోట్ల 20 లక్షల చెట్లు నాటారు. ఆ ఏడాది ఐక్యరాజ్య సమితి పర్యావరణ పురస్కారం కూడా ఇచ్చారు.

ఇంతవరకూ కంగారు లేదు. అసలు కిటుకు ముందుంది. మీరు సంపాదించిన హరిత శక్తి ఒక రోజు మాగుతుంది. మాగిన వెంటనే వెళ్లి కోసుకోకపోతే, మీ స్నేహితులు వచ్చి కొంత పట్టుకుపోవచ్చు. నియమం అది. అందుకని జనం తెల్లారగట్ల అలారం పెట్టుకుని లేచి, ముందు తమది కోసుకుని, తర్వాత బంధుమిత్రుల తోటల మీద పడతారట. ఇది మన దేశానికి వస్తే ఏమవుతుందో ఊహించండి. పార్కులో చెమటోడ్చి నేను తిరుగుతాను. ఆ తిరుగుడు తాలూకు పుణ్యమంతా మా వియ్యంకుడు పడకలోంచి లేవకుండా కాజేస్తాడు. పెళ్లినాటి ఆడపడుచు లాంఛనాల లెక్కే ఇంకా తేలలేదు. దాని మీద ఇదొకటా?

పైగా నాటిన మొక్క వేరు, బతికిన చెట్టు వేరు. మొదటిది జమ, రెండోది నిల్వ. ఈ రెండిటి మధ్య ‘ఎండినవి, మేకలు మేసినవి’ అని ఒక గడి ఉండాలి. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ఆ గడి పెట్టింది. ఊళ్లో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే సర్పంచీ కార్యదర్శీ జవాబు చెప్పుకోవాలి. మొక్క ఎండితే సర్పంచి పదవికే ఎసరు. అదే మొక్క ఎండితే ఫోనులో ఆడినవాడి బ్యాడ్జీకి మాత్రం తడి ఆరదు. ఈ అన్యాయం ఏ సర్పంచికీ ఇంకా తట్టినట్టు లేదు.

ఖర్చు వైపు కూడా రాయాలి కదా. కరెంటు బిల్లులో శ్లాబు అనేది ఒకటుంటుంది. ఆ గీత దాటితే యూనిట్ రేటు పైకి పోతుంది. మనవడి గదిలో ఉన్న కంప్యూటరు, దాని వేడి దిగడానికి ఏసీ, ఏసీ చలికి తట్టుకోలేక వాడు కప్పుకునే దుప్పటి, ఇవి మూడూ కలిసి ప్రతి నెలా నన్ను ఆ గీత దాటిస్తున్నాయి. ఇక పరికరం లోపల ఉన్నదాని సంగతి. ఫోన్లలోనూ ఆటల యంత్రాల్లోనూ టాంటలం అనే లోహం వాడతారు, అది కోల్టాన్ అనే ఖనిజం నుంచి వస్తుంది. 2000 ప్రాంతంలో దాని ధర ఒక్కసారిగా పైకి లేచినప్పుడు తూర్పు కాంగోలో కహూజీ-బియేగా జాతీయ పార్కులోకి తవ్వకందార్లు చొరబడ్డారు. తవ్వేవాళ్లకి తిండి కావాలి, అడవిలో దొరికిందే తిండి. అంతర్యుద్ధం, గనులు, వేట అన్నీ కలిసి అక్కడి గ్రావర్ గొరిల్లాలు ఇరవయ్యేళ్లలో సుమారు 17,000 నుంచి 3,800కి పడిపోయాయని 2016లో లెక్క తేల్చారు. గొరిల్లాని రక్షించే ఆట గొరిల్లా ఇంట్లోంచి తవ్వి తెచ్చిన లోహం మీద నడుస్తోంది. దీన్ని మా భాషలో ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసి, రెండుసార్లూ రసీదు ఇవ్వడం అంటారు.

ఇక నేర్పడం అనే పద్దు. ఇక్కడ సాక్ష్యం ఆటలకి వ్యతిరేకంగా మొదలై మధ్యలో మాట మార్చింది. ఆండ్రూ బామ్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం బ్రిటన్‌లో ప్రాథమిక పాఠశాల పిల్లలకి బొమ్మల కార్డులు చూపించి, ఏం గుర్తుపట్టారో 2002లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. కొన్ని కార్డుల మీద ఆ దేశంలో మామూలుగా కనిపించే జంతువులు, మొక్కలు. కొన్నిటి మీద పోకీమాన్ ప్రాణులు. ఎనిమిదేళ్లు వచ్చేసరికి పిల్లలు పోకీమాన్లలో నూటికి ఎనభై దాకా పేరు పెట్టి పిలుస్తున్నారు. నిజం జీవాల్లో సగం కూడా చెప్పలేకపోయారు.

ఆ పోకీమాన్‌ని పుట్టించిన సతోషి తాజిరి కథ ఇంకా చిత్రం. ఆయన టోక్యో శివారులో మాచిదా అనే ఊళ్లో పెరిగాడు. చిన్నప్పుడు పురుగులు పట్టి పోగెయ్యడం పిచ్చి. ఊరు పెరిగింది, చెరువులు పూడ్చారు, ఇళ్లు కట్టారు, పురుగులు పోయాయి. ఆ పట్టుకునే సరదా పిల్లలకి మళ్లీ ఇవ్వాలని 1996లో 151 ప్రాణులతో ఆట చేశాడు. అంటే పూడ్చిన చెరువుకి పరిహారంగా ఆట వచ్చిందన్నమాట. హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ ఉంది, ట్యాంకు కనబడదు. మా కాలనీ పేరు చివరా ‘కుంట’ ఉంది. నీళ్లు వానాకాలంలో మాత్రం, అదీ సెల్లార్లో ఉంటాయి. మాకు పరిహారంగా ఏ ఆటా మంజూరు కాలేదు.

సాక్ష్యం మాట మార్చింది ఎక్కడంటే, 2018లో ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ అని ఒక ఆట వచ్చింది. పాతకాలపు అమెరికాలో గుర్రాల మీద తిరుగుతూ రైళ్లు దోచుకునే దొంగల ముఠా కథ. అందులో దాదాపు 200 రకాల జంతువులు తిరుగుతుంటాయి. 2021లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంవాళ్లు, ఇంకో కాలేజీవాళ్లు కలిసి 586 మందిని పరీక్షించారు. అమెరికా జంతువుల నిజం ఫొటోలు 15 చూపిస్తే, ఈ ఆట ఆడినవాళ్లు సగటున పది గుర్తుపట్టారు. ఆడనివాళ్లకంటే మూడు ఎక్కువ. మళ్లీ చెబుతున్నాను, ఇది సంరక్షణ కోసం చేసిన ఆట కాదు. చదువు చెబుతామని ఎవరూ కూర్చోబెట్టకుండానే ఫలితం, దొంగతనానికి వెళ్తే దారిలో దొరికింది. మనవడు ఈ వార్తని ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాడు. వాడికి అమెరికా జింకల జాతులన్నీ తెలుసు. ఏ తూటా వాడితే ఏ జంతువు తోలు చెడకుండా వస్తుందో కూడా తెలుసు. నేను వాణ్ణి పూర్తిగా తప్పుపట్టలేకపోతున్నాను. కుంపిణీ రోజుల్లో మన పక్షుల్ని రికార్డుకెక్కించిన దొరలు కూడా ముందు కాల్చి, తర్వాతే పేరు పెట్టారు.

‘ఈకో’ అనే ఆట దగ్గర మాత్రం నాకు బి.పి. వచ్చింది. అందులో కొంతమంది కలిసి ఒక చిన్న గ్రహం మీద కాపురం పెడతారు. నెల రోజుల్లో ఉల్క వచ్చి పడుతుంది. దాన్ని పేల్చాలంటే యంత్రాలు కావాలి, యంత్రాలకి గనులు, కొలుములు కావాలి. మరీ తవ్వితే ఉల్క రాకముందే నీళ్లు చెడి, జంతువులు చచ్చి, గ్రహం వాళ్ల చేతిలోనే పోతుంది. అందుకని ఎన్నికలు పెట్టుకుని చట్టాలు చేసుకుంటారు. ఆ చట్టాన్ని ఆటే అమలు చేస్తుంది. ఫలానా కొండ మీద చెట్టు కొట్టరాదని రాసుకుంటే, అక్కడ గొడ్డలి లేవదు.

మనవడు అలాంటి ఒక గ్రహానికి ఎన్నికైన ప్రతినిధి. తూర్పు అడవిని కాపాడే చట్టం వాడే తెచ్చాడు. ఆ చట్టం నెగ్గిన సాయంత్రమే కింద మా అపార్ట్‌మెంటు సంఘం సర్వసభ్య సమావేశం జరిగింది. అజెండాలో మొదటి అంశం, పార్కింగు పక్కన ఉన్న కానుగ చెట్టు. పూలు రాలి కార్ల మీద పడుతున్నాయి, పిట్టలు రెట్టలు వేస్తున్నాయి, కనక మొదలంటా కాకపోయినా ‘తగుమాత్రం’ కొట్టించాలని ప్రతిపాదన. చేతులెత్తమన్నారు. మొదట లేచిన చెయ్యి నా కొడుకుది. కిందటి వారమే కారు కడిగించాడు మరి. మినిట్సులో నా అసమ్మతి రాయించి పైకి వచ్చి, ‘నీ చట్టం ఇక్కడికి వర్తించదేంరా’ అని మనవణ్ణడిగాను. ‘అది వేరే సర్వరు తాతయ్యా’ అన్నాడు. తగుమాత్రం అన్న మాటకి కొలత రాయలేదు కాబట్టి, మర్నాడు మనుషులొచ్చి తమకి తోచిన మాత్రం కొట్టి పోయారు. మూడు కొమ్మలు మిగిలాయి. ఆటలో గొడ్డలి లేవకుండా చేసిన ఆ ఇంజనీరు ఎవరో మా సంఘానికి కార్యదర్శిగా వస్తే, మెయింటెనెన్సు ఒక వంద ఎక్కువైనా కడతాను.

ఇప్పుడు మూడో పద్దు, పని. నా ఫిర్యాదుకి గుండెకాయ ఇదే.

టాంజానియాలో సెరెంగెటి మైదానం. అక్కడ అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 225 కెమెరాలు చెట్లకీ గుంజలకీ కట్టారు. ముందు ఏది కదిలినా కెమెరా క్లిక్కుమంటుంది. 2010 నుంచి 2013 లోపు 12 లక్షల ఫొటోల విడతలు పోగయ్యాయి. చూసేదెవరు? 2012లో ‘స్నాప్‌షాట్ సెరెంగెటి’ అని పెట్టి, జనం ముందు పోశారు. ఒక ఫొటో వస్తుంది. ఏ జంతువు, ఎన్ని ఉన్నాయి, ఏం చేస్తున్నాయి, పిల్లలున్నాయా, నొక్కి చెప్పాలి. పేరు నమోదు చేసుకున్నవాళ్లే 28,000 మంది, చేసుకోనివాళ్లు అంతకన్నా ఎక్కువమంది కూర్చుని కోటికి పైగా జవాబులు నొక్కారు. ఆ 12 లక్షల్లో జంతువున్నవి మూడు లక్షల చిల్లరే. మిగతా ముప్పాతిక వంతూ గాలికి ఊగిన గడ్డి. ఊగిన గడ్డిని చూసి ‘ఇక్కడ ఏమీ లేదు’ అని నొక్కడానికి జనం పోటీపడ్డారు.

పద్ధతి చూస్తే నాకు కళ్లు చెమర్చాయి. ఒకరి మాట నమ్మరు. ఒకే ఫొటోని పలువురికి విడివిడిగా చూపిస్తారు. మొదటి అయిదుగురూ ఏమీ లేదంటే ఫైలు మూసేస్తారు. పదిమంది ఒకే జంతువు పేరు చెబితే మూసేస్తారు. ఎంతకీ తేలకపోతే ఇరవై అయిదుగురి దాకా తిప్పి, ఎక్కువమంది అన్నది రాసుకుంటారు. ఆ తర్వాత నిపుణులు నాలుగు వేల పైచిలుకు ఫొటోలు తీసి సరిచూస్తే, జనం చెప్పిన జంతువు నూటికి 96కి పైగా సరిపోయింది. మేకర్, చెకర్, ఆ పైన శాంపిల్ ఆడిట్! మా ఆఫీసులో మేం చేసింది మరేమిటి? ఒక ఓచరు తియ్యి, చూడు, టిక్కు పెట్టు, పక్కవాడికి తొయ్యి. ఎక్కువభాగం ఊగిన గడ్డే. ఎప్పుడో ఒకసారి సింహం.

నాసావాళ్లు 2020లో ‘నీమో-నెట్’ అని ఇంకొకటి పెట్టారు. సముద్రం అడుగు ఫొటోల మీద ఏది పగడమో, ఏది ఇసుకో గుర్తుపట్టి రంగు పుయ్యాలి. ఆ రంగుల్ని చూసి వాళ్ల సూపర్ కంప్యూటరు తనంతట తాను పగడాలు గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. పిల్లలు పూసిన రంగుని చూసి యంత్రం పాఠం చదువుకుంటుందన్నమాట. అదీ క్లరికల్ పనే, కాస్త తడిగా ఉంటుంది.

ఈ పద్దు ఒక్కటే ఆడిట్లో నిలబడింది. డబ్బు పద్దులో ‘కొంత భాగం’, ‘తగిన చర్యలు’ లాంటి మాటలున్నాయి. నేర్పే పద్దులో దొంగల ముఠా ఉంది. ఇక్కడ ప్రతి నొక్కుకీ రికార్డుంది. అడవిని కాపాడటమంటే తుపాకి భుజాన వేసుకుని జీపులో తిరగడమని సినిమాలు చూసి అనుకున్నాను. కాదట, ఎక్కువభాగం రిజిస్టరు రాయడమట. ఆ రిజిస్టరు రాయించడానికి మనుషులు దొరకరు, దొరికితే జీతానికి డబ్బుండదు. అందుకని గుమస్తా పనికి రంగులు వేసి, గంట మోగించి, బ్యాడ్జి తగిలించి, ఆట అన్నారు. ప్రపంచం లైను కట్టింది. ఇదే పని కుర్చీలో కూర్చుని సర్వీసంతా చేసినవాణ్ణి నేను. నాకెవరూ గంట మోగించలేదు. ఇంక్రిమెంటు ఆలస్యమైందని అర్జీ పెడితే ఆ అర్జీకే అభ్యంతరం రాశారు.

మా ఆవిడ ఎదురు తిరిగింది కూడా ఈ పద్దులోనే. ఇలాంటిదే ఒకటి నా కొడుకు ఆవిడ ఫోనులో పెట్టి, ‘అమ్మా, ఊరికే చూడు’ అన్నాడు. ఆవిడ దివిసీమలో పాడి ఉన్న ఇంట్లో పుట్టిన మనిషి. కెమెరా దగ్గరగా వచ్చిన జంతువు మొహం చూపించదు. తోకో, తొడో, నడుమో పడుతుంది. పిల్లలు అక్కడే ఆగిపోతారు. ఈవిడ మాత్రం వెనక భాగం చూసి, ‘ఇది ఆ గుంపుది కాదురా, నడుం దిగుడు చూడు, దీని తోకకుచ్చు వేరు’ అని తేల్చేస్తుంది. మొదట మనవడు నవ్వాడు. ఇప్పుడు పక్కన కూర్చుని అడుగుతున్నాడు. నా కాఫీ విషయం ఎవరూ అడగడం లేదు. ‘ఏవండీ, పొయ్యి మీద పాలు చూస్తుండండి, ఇక్కడ రెండు దున్నలు నీళ్లకొచ్చాయి’ అంటుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ నా ఫైళ్ల మీద ఇంత శ్రద్ధ ఒక్కపూట చూపించి ఉంటే, నేను ఇంకో ప్రమోషను దాకా వెళ్లేవాణ్ణి.

ఇంతకీ మన సరుకు మీద ఆట చెయ్యరేం అని మనవణ్ణి నిలదీశాను. మన కలివికోడి ఉందిగా. కడప జిల్లా లంకమల ముళ్లపొదల్లో రాత్రిపూట మాత్రం తిరిగే పక్షి. జెర్డన్ అనే కుంపిణీ వైద్యుడి వల్ల 1848లో పుస్తకాలకెక్కింది. 1900 తర్వాత కనబడటం మానేసింది. అందరూ పోయిందనుకుని ఫైలు మూసేశాక, 1986 జనవరిలో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్‌కి అక్కడి వేటగాళ్ల సాయంతో దొరికింది. ఆ పక్షి ఎక్కువ రోజులు బతకలేదు. తర్వాత దాన్ని వెతికినవాళ్లు ఏం చేశారంటే, పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే వెళ్లి, ఆ మట్టి మీద మూడువేళ్ల అడుగులేమైనా పడ్డాయా అని చూశారు. అది కూతపెడుతుందేమోనని మునిమాపున చెవులు రిక్కించుకుని కూర్చున్నారు.

మనవడు అంతా విని, ‘ఆట ఎలా ఉంటుంది తాతయ్యా మరి’ అన్నాడు. వివరించాను. రాత్రి అవుతుంది. పొదలుంటాయి. ఏమీ రాదు. 86 ఏళ్లు ఏమీ రాదు. అప్పుడొకసారి వస్తుంది. తర్వాత మళ్లీ మట్టి చదును చేసుకోవాలి.

‘ఎవడాడతాడు?’ అన్నాడు.

అదే నా అభ్యంతరం అని ఇందుమూలంగా రికార్డు చేయిస్తున్నాను. సింహానికి, పాండాకి, పగడానికి ఆటలున్నాయి. ఏ హంగూ లేక రాత్రిపూట ముళ్లపొదల్లో నడుచుకుంటూ పోయే పక్షికి లేదు. దాని పనంతా ఇప్పటికీ బ్యాడ్జీ లేని మనుషులే చేస్తున్నారు.

ఆటలన్నిటిలోకీ ఒక్కదానికి నేను ‘నో అబ్జెక్షన్’ రాసిచ్చాను. పేరు ‘టెర్రా నిల్’, దక్షిణాఫ్రికావాళ్లు చేసింది, 2023లో వచ్చింది. బీడుపడ్డ నేల ఇస్తారు. యంత్రాలు దింపి మట్టి బాగుచేసి, నీళ్లు పారించి, గడ్డీ అడవీ పెంచి, జంతువులు వచ్చాక, దింపిన యంత్రాలన్నీ విప్పి, ముక్క మిగలకుండా ఎక్కించుకుని వెళ్లిపోవాలి. సామాను సర్దేస్తేనే గెలుపు. నా కొడుకు ఎదుగుతున్న రోజుల్లో ఈ ఆట ఎక్కడుంది? మనవడు దీన్ని గెలిచాడు, రెండుసార్లు గెలిచాడు. వాడి గదిలో మంచం కింద ఇప్పటికీ మూడు ప్లేట్లున్నాయి, ఒకదాని మీద ఏదో మొలిచింది కూడా.

కావున పై విషయాలన్నీ పరిశీలించి ఈ క్రింది ఉపశమనాలు ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. భూగోళం తరఫున మా ఇంట్లో ఖర్చవుతున్న యూనిట్లని శ్లాబు లెక్కలోంచి మినహాయించాలి. చెట్లు నాటించే ప్రతి ఆటలోనూ ‘ఎండినవి’ అనే గడి పెట్టి, అది నిండినప్పుడల్లా ఆటగాడి బ్యాడ్జీలోంచి కోత విధించాలి. కలివికోడి ఆట తయారయ్యేదాకా ఏ కొత్త పాండాకీ అనుమతి ఇవ్వరాదు.

చివరిది, నా స్వంత క్లెయిము. నేను సర్వీసులో చూసి టిక్కు పెట్టిన ఓచర్లన్నిటికీ, ఈనాటి రేటు ప్రకారం, చేరిన తేదీనుంచీ లెక్కగట్టి, బ్యాడ్జీలు బకాయిలతో సహా మంజూరు చేయాలి. సర్వీసు రిజిస్టరు నా దగ్గర ఉంది, చూపించగలను. ఫ్యామిలీ పెన్షను నిబంధనల ప్రకారం నా తదనంతరం ఆ బ్యాడ్జీలు మా ఆవిడకి బదిలీ కావాలి. ఆ మేరకు నామినేషను ఫారం ఇచ్చి సంతకం పెట్టమంటే, ‘నా దగ్గర ఇప్పటికే మీకు రాబోయేవాటికన్నా ఎక్కువున్నాయి, కాస్త జరగండి, వెలుతురు పడటం లేదు’ అంది. సంతకం పెండింగులో ఉంది.